పట్టా ఇవ్వని కాలేజీ

జైపూర్ నుంచి అజ్మీర్ వెళ్లే రైలు దారిలో, ఫులేరా జంక్షన్ దాటాక, కిషన్‌గఢ్ ఇంకా రాకముందు తిలోనియా అని ఒక చిన్న స్టేషన్ తగులుతుంది. చుట్టూ మెట్టభూములు. వాన పడితే సజ్జో జొన్నో చేతికొస్తుంది. పడకపోతే కూలికి వలస తప్పదు. కరువుతో పాత పరిచయమున్న అనంతపురం, మహబూబ్‌నగర్ వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి ఊరికి ఆఫ్రికాలోని మారుమూల పల్లెల నుంచి, ఫిజీ దీవుల నుంచి, అఫ్గానిస్థాన్ కొండల నుంచి నలభై యాభై ఏళ్ల ఆడవాళ్లు చదువుకోవడానికి వస్తారు. వాళ్లలో చాలామంది బడి గడప తొక్కనివాళ్లు. విమానం సంగతి అటుంచి, సొంత జిల్లా దాటి ఎరగనివాళ్లూ ఉంటారు. ఆరు నెలలుండి సోలార్ దీపాలు తయారుచేయడం, ఇంటికి బిగించడం, పాడైతే విప్పి బాగుచేయడం నేర్చుకుని వెళ్తారు. పైసా ఫీజు లేదు. చదువు ముగిశాక చేతికి పట్టా కూడా ఇవ్వరు.

ఇదే బేర్‌ఫుట్ కాలేజీ. 1972లో సోషల్ వర్క్ అండ్ రీసెర్చ్ సెంటర్ అనే పేరుతో మొదలైంది. ‘చెప్పుల్లేని కాళ్ల కాలేజీ’ అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది.

చదువు రాని పెద్దవాళ్లకు ఉచితంగా నేర్పే పథకాలు మన దేశానికి కొత్త కాదు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. ఇప్పుడు ‘ఉల్లాస్’ నడుస్తోంది. ఊరూరా రాత్రి బడులు వెలిశాయి, లాంతర్లు పంచారు, పలకలు పంచారు. సంతకం నేర్చుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. అందులో చాలామంది మళ్లీ వేలిముద్రకే వచ్చారన్నదీ నిజమే. పొద్దంతా కూలి చేసి ఇంటికొచ్చిన మనిషికి రాత్రిపూట ‘అ ఆ’ దిద్దడంలో రేపటి బతుక్కి అక్కరకొచ్చేది కనిపించకపోతే ఆ పలక ఎన్నాళ్లు పడతాడు? తిలోనియా యాభై ఏళ్లుగా ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని పనిచేస్తోంది. పెద్దవాళ్లకు నేర్పాలంటే ముందు వాళ్లకు కావలసిన పని నేర్పాలి, ఆ పని కోసం ఎంత చదువు కావాలో అంత చదువు వెంట రావాలి అన్నది అక్కడివాళ్ల పద్ధతి. ఆ పద్ధతి సరైనదని నా నమ్మకం. అందులో ఒక లోటు కూడా ఉంది. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

బోరింగు దగ్గర మొదలు

తిలోనియాను మొదలుపెట్టిన సంజిత్ రాయ్‌ను అందరూ బంకర్ రాయ్ అంటారు. డూన్ స్కూలు, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీల్లో చదివాడు. స్క్వాష్ ఆటలో జాతీయ చాంపియన్. అలాంటి ఇంటి పిల్లాడు ఏ ఐఏఎస్‌లోనో, విదేశాంగ శాఖలోనో చేరతాడని అనుకోవడం మామూలే. 1960ల మధ్యలో బిహార్ కరువును కళ్లారా చూసి వచ్చాక అతని దారి మారిపోయింది. రాజస్థాన్ పల్లెలకు వెళ్లి, రాతినేలలో మందు పేల్చి బావులు తవ్వే కూలీల్లో కలిసి ఏళ్ల తరబడి పనిచేశాడు. నీళ్లు ఎక్కడున్నాయో చెప్పగలిగేవాళ్లు, గట్టి గోడ కట్టగలిగేవాళ్లు, పురుడు పోయగలిగేవాళ్లు ఆ పల్లెల్లోనే ఉన్నారని, వాళ్ల దగ్గర లేనిది కాగితం మాత్రమేనని అప్పుడే తెలిసొచ్చింది.

తిలోనియాలో బ్రిటిష్ కాలం నాటి క్షయ శానటోరియం ఒకటి ఖాళీగా పడి ఉంది. దాన్ని ప్రభుత్వం దగ్గర నెలకు రూపాయి అద్దెకు తీసుకున్నారు. మొదట్లో పని చేసింది నగరాల నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లే. సిలోరా బ్లాకులోని 110 గ్రామాల భూగర్భజలాలను సర్వే చేశారు, వైద్యం చూశారు. కొన్నేళ్లకు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. ఎవరి సంసారం వాళ్లది, ఎవరి పిల్లల చదువు వాళ్లది. కానీ మనిషి వెళ్లడంతోనే అతని విద్య కూడా ఊరు దాటిపోయేది. 1970ల చివరికొచ్చేసరికి తిలోనియా ఒక తీర్మానానికి వచ్చింది. ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే ఉండిపోయే మనిషికే నేర్పాలి.

ఆ తీర్మానాన్ని మొట్టమొదట పరీక్షించింది చేతిపంపు మీద. మనం బోరింగు అంటామే, అదే. అప్పట్లో పల్లెలో బోరింగు చెడిపోతే జిల్లా కేంద్రం నుంచి మెకానిక్కులూ వ్యానూ రావాలి. కబురు వెళ్లాలి, అది కాగితం మీదికి ఎక్కాలి, వ్యానులో డీజిల్ ఉండాలి. ఈలోగా ఊరి ఆడవాళ్లు బిందెలతో పక్కూరికి నడిచేవాళ్లు. చదువు మధ్యలో ఆపేసిన ఊరి కుర్రాళ్లకు పానాలు, రాడ్లు, వాషర్లు చేతికిచ్చి నేర్పిస్తే వాళ్లే బాగుచేసుకుంటారని తిలోనియా వాదించింది. ఇంజినీర్లు ఒప్పుకోలేదు. చేసి చూపించాక ‘హ్యాండ్ పంప్ మిస్త్రీ’ పద్ధతిని రాజస్థాన్ ప్రభుత్వమే చేపట్టింది. తర్వాత ఆడవాళ్లు కూడా పానా పట్టారు. నీళ్ల కోసం నడిచేది వాళ్లే కాబట్టి పంపు త్వరగా బాగుపడాలన్న ఆరాటం వాళ్లకే ఎక్కువ.

కాలేజీ కొత్త ఆవరణ కూడా ఇలాగే లేచింది. 1980ల రెండో సగంలో భన్వర్ జాట్ అనే రైతు, చదువు రాని మనిషి, ఊరి మేస్త్రీలను వెంటేసుకుని కట్టించాడు. వాన చుక్క ఒక్కటి కూడా వృథా పోకుండా పైకప్పుల నుంచి గొట్టాలు నేలకింది తొట్టెల్లోకి వెళ్తాయి. ఆరుబయటి రంగస్థలం కిందే నాలుగు లక్షల లీటర్ల తొట్టె ఉంది. ఆ కట్టడాలకు 2001లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. నక్షా గీసిన చదువుకున్న ఆర్కిటెక్టుకు ఎంత పేరు ఇవ్వాలి, కట్టిన మేస్త్రీలకు ఎంత ఇవ్వాలి అన్న దగ్గర గొడవ వచ్చి, కాలేజీ ఆ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేసింది. గీసినవాళ్లకూ కట్టినవాళ్లకూ ఎవరి వాటా వాళ్లకు ఇవ్వాలనే నేనంటాను. కానీ మన ఊళ్లలో గుడి కట్టినా, బడి కట్టినా శిలాఫలకం మీద మేస్త్రీ పేరు చెక్కరన్న మాట కూడా మరవకూడదు.

రంగులు చదివే చేతులు

సోలార్ శిక్షణ జరిగే హాల్లో పొడుగాటి బల్లలు, వాటి ముందు ఆడవాళ్లు. ఒకరిది సియెర్రా లియోన్, పక్కామెది గాంబియా, ఆ పక్కామెది భూటాన్. ఒకరి మాట ఇంకొకరికి తెలియదు. నేర్పే ఆమె చుట్టుపక్కల పల్లెల రాజస్థానీ ఆవిడ. ఆమెకు వాళ్ల భాష రాదు, వాళ్లకు ఆమె హిందీ రాదు. మరి చదువెలా సాగుతుంది?

సర్క్యూట్ బోర్డు మీద పెట్టే రెసిస్టర్‌ను చూడండి. వడ్లగింజ కంటే కాస్త పెద్దది. దాని ఒంటి చుట్టూ రంగు గీతలుంటాయి. ఆ గీతలే దాని విలువ. నలుపు సున్నా, గోధుమరంగు ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ అయిదు, నీలం ఆరు, ఊదా ఏడు, బూడిదరంగు ఎనిమిది, తెలుపు తొమ్మిది. మొదటి రెండు గీతలు అంకెలు. మూడోది ఆ అంకెల పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది. గోధుమ, నలుపు, ఎరుపు వరసగా కనిపిస్తే పది పక్కన రెండు సున్నాలు, అంటే వెయ్యి ఓమ్‌లు. ప్రపంచంలో ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా ఇదే పట్టిక. అక్కడ కుర్రాళ్లు దీన్ని బట్టీపడతారు. ఇక్కడికొచ్చిన ఆడవాళ్లు అల్లికల్లో, పూసల దండల్లో, నేతలో రంగు వరసలు తప్పిపోకుండా చూసుకుంటూ పెరిగినవాళ్లు. అక్షరం రానివాళ్లకు ఈ పట్టిక అడ్డం రాదు, ఎందుకంటే అందులో అక్షరం లేదు.

గోడ మీద పెద్ద పటం ఉంటుంది. నేర్పే ఆమె ఒక రెసిస్టర్‌ను ఎత్తి చూపిస్తుంది, పటంలో రంగును తాకుతుంది, వేళ్లతో అంకె చూపిస్తుంది, బోర్డు మీద దాని చోటు చూపిస్తుంది. తర్వాత ఆ పని ఎదుటి ఆమె చెయ్యాలి. చెయ్యి వణికితే చెయ్యి పట్టుకుంటుంది. కాలిన సోల్డరింగ్ ఐరన్ మొనను ఎంతసేపు ఆనిస్తే టంకం కరిగి రేకు మీద మెరుస్తూ కూర్చుంటుందో, ఎక్కువసేపు పెడితే రేకు ఎలా లేచిపోతుందో పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, పదిసార్లు పెట్టి చూడాల్సిందే. మల్టీమీటర్ ముల్లు కదిలిందా లేదా, దీపం వెలిగిందా లేదా అన్నదే పరీక్ష. ఛార్జ్ కంట్రోలర్, లాంతరు, ఇంటి దీపాలు ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకుంటారు. ఈలోగా అంకెలూ వస్తాయి, భాగాల పేర్లూ వస్తాయి. అవి ఇంగ్లిష్ మాటలో హిందీ మాటలో ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడ నేర్పేవాళ్లు ఎవరన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఆ బల్ల ముందు ఒకప్పుడు తాము కూడా భయపడుతూ కూర్చున్నవాళ్లే ఇవాళ్టి టీచర్లు. యాభై ఏళ్ల మనిషికి తెలియదని చెప్పుకోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో పిల్లలకు పాఠం చెప్పి వచ్చిన టీచరుకు అంత సులువుగా అర్థం కాదు. మన వయోజన విద్యా కేంద్రాల్లో పదో తరగతి చదివిన కుర్రాడు తల్లి వయసు ఆమెకు బలపం పట్టడం నేర్పుతుంటే ఆమె సిగ్గుతో తలదించుకోవడం చూసినవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది.

సోలార్ పని తిలోనియాలో 1980ల్లోనే మొదలైంది. ముందు రాజస్థాన్, తర్వాత లద్దాఖ్ వంటి కొండ ప్రాంతాల వాళ్లు నేర్చుకున్నారు. 2000ల మధ్యలో అఫ్గాన్ స్త్రీలు వచ్చారు. 2008 నుంచి మన విదేశాంగ శాఖ ‘ఐటెక్’ కార్యక్రమం కింద విమాన ఖర్చు, శిక్షణ ఖర్చు భరించడంతో దేశాల సంఖ్య డెబ్బై దాటింది. ‘సోలార్ మామా’, అంటే సోలార్ అమ్మ, అన్న పేరు అలా వాడుకలోకొచ్చింది.

నడివయసు వాళ్లనే, అందులోనూ అమ్మమ్మలనే ఎందుకు ఎంచుకుంటారన్నదానికి తిలోనియా చెప్పే కారణం సూటిగా ఉంటుంది. కుర్రాడికి నేర్పితే చేతికి సర్టిఫికెట్ అడుగుతాడు, అది రాగానే పట్నం బస్సెక్కుతాడు. ఊళ్లో ఇల్లూ మనవలూ ఉన్న ఆమె ఎక్కడికీ పోదు. అందుకే పట్టా ఇవ్వరు. మనిషిని ఎంచుకోవడం కూడా కాలేజీ పని కాదు. ఊరు కూర్చుని కమిటీ వేసుకోవాలి, ఎవరిని పంపాలో తేల్చాలి, దీపాలొచ్చాక ప్రతి ఇల్లూ నెలకు ఎంత కట్టాలో ఒప్పుకోవాలి. కిరోసిన్‌కు, కొవ్వొత్తులకు, టార్చి బ్యాటరీలకు ఇంతకుముందు పెట్టే ఖర్చే దానికి లెక్క. అందులోంచి తిరిగొచ్చిన ఆమెకు మరమ్మతుల జీతం వెళ్తుంది. అంటే నేర్చుకున్న విద్యకు ఊళ్లోనే నెల జీతం ఏర్పాటు చేసి మరీ నేర్పుతారు. మన నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో తరచుగా కనిపించనిది ఇదే. కుట్టుపని నేర్పిస్తాం, మిషన్ ఇస్తాం, ఫొటో తీస్తాం. ఊళ్లో ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేది ఎవరు, స్కూలు యూనిఫాంల పని ఆమెకు వస్తుందా అన్నది ఎవరూ ముందుగా ఆలోచించరు.

ఇదంతా పువ్వుల దారి అనుకోకూడదు. 2012లో వచ్చిన ‘సోలార్ మామాస్’ డాక్యుమెంటరీలో జోర్డాన్ ఎడారి నుంచి వచ్చిన రఫియా అనే నలుగురు ఆడపిల్లల తల్లి కథ ఉంది. భర్త వెనక్కి రమ్మన్నాడు, రాకపోతే పిల్లలను తీసేసుకుంటానని బెదిరించాడు. ఆమె మధ్యలో వెళ్లిపోయింది. తర్వాత గుండె రాయి చేసుకుని మళ్లీ వచ్చి చదువు ముగించింది. ఉచితం అని మనం అంటున్న చదువుకు పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, కట్టే మూల్యం ఇలాంటిది. ఆరు నెలలు పిల్లలకు దూరంగా ఉండాలి, తెలియని తిండి తినాలి, ఇంట్లో మాటలు పడాలి. తిరిగి వెళ్లాక విడిభాగాలు అందకపోతే చేతిలో విద్య ఉండి కూడా దీపం వెలగదు. ఈ పద్ధతిని ఇక్కడి నుంచి తీసుకోదలచిన ఏ ప్రభుత్వమైనా విడిభాగాల దుకాణం సంగతి ముందు చూసుకోవాలి.

తిలోనియాలో ఇంకా చాలా ఉన్నాయి. పగలు గొర్రెలూ మేకలూ కాసే పిల్లల కోసం 1975 నుంచి రాత్రి బడులు నడిపారు. ఆ పిల్లలే ఎన్నుకునే బాలల పార్లమెంటు ఆ బడుల మీద పెత్తనం చేసేది. పాత నివేదికల కాగితాలను నానబెట్టి గుజ్జు చేసి కాగితపు బొమ్మలు తయారుచేసి, వాటిని ఊరూరా ఆడిస్తారు. కూలి రేట్లు, బాల్య వివాహాలు, నీటి పొదుపు ఆ బొమ్మల నోట వింటారు. మన బుర్రకథ దళాలు అక్షరాస్యతా ఉద్యమ రోజుల్లో చేసింది కూడా ఇదే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లు పాఠంలో ఉన్న సారా గొడవను తమ గొడవగా ఎత్తుకున్నారు. దూబగుంటలో మొదలైన ఆ నిప్పు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం పెట్టేదాకా ఆరలేదు. చదువు బతుకులోని అసలు బాధను తాకితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

నౌర్తీ బాయి

తిలోనియా పక్కనే హర్మారా అనే ఊరు ఉంది. అక్కడి దళిత కూలీ నౌర్తీ బాయి. 1981లో మదన్‌గంజ్–హర్మారా రోడ్డు మీద కరువు పనులు జరుగుతున్నాయి. అప్పటి కనీస కూలి రోజుకు ఏడు రూపాయలు. పని కొలిచి, గుంపు మొత్తానికి లెక్కగట్టి, అంతకంటే తక్కువ ఇచ్చారు. కూలీలు నిలదీశారు, వాళ్లలో నౌర్తీ ముందు నిలబడింది. సంజిత్ రాయ్ పేరు మీద కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1983 జనవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి, జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్ తీర్పు చెప్పారు. కరువు పని అయినా సరే కనీస కూలి కంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదని తేల్చారు. తక్కువ ఇచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని జస్టిస్ భగవతి అన్నారు. దేశమంతటా కూలీలకు ఇవాళ్టికీ పనికొచ్చే తీర్పు అది.

నౌర్తీకి చదువు మీద ఆశ పుట్టింది ఆ పోరాటంలోనే. కూలీల హాజరు రాసే మస్టర్ రోల్‌లో ఏం రాశారో చదవలేకపోతే ఎంతకాలమైనా మోసపోవాల్సిందే అని తెలిశాక చదువు ఎందుకని అడగాల్సిన పని లేదు. తిలోనియాలో అక్షరాలు నేర్చుకుంది. తోటి ఆడవాళ్లకు నేర్పింది. వయసు మళ్లాక కంప్యూటర్ ముందు కూర్చుని అదీ నేర్చుకుంది, ఇంకొకరికీ నేర్పింది. 2010లో హర్మారా సర్పంచ్ అయింది.

తిలోనియా కాలేజీలోనే 1974 నుంచి తొమ్మిదేళ్లు పనిచేసిన మరో మనిషి అరుణా రాయ్. ఐఏఎస్ వదిలి వచ్చారు. తిలోనియా నుంచి బయటికొచ్చాక రాజ్‌సమంద్ జిల్లా దేవ్‌డూంగ్రీలో ఒక పూరింట్లో ఉంటూ, 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను తోటివాళ్లతో కలిసి స్థాపించారు. ఊరందరి ముందు మస్టర్ రోళ్లు చదివించే బహిరంగ విచారణలు ఆ సంఘటన్‌తోనే మొదలయ్యాయి. సమాచార హక్కు చట్టానికీ, ఉపాధి హామీ చట్టానికీ ఆ పోరాటం నేల సిద్ధం చేసింది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. రాజస్థాన్ రోడ్డు పక్క కూలీలు ఏడు రూపాయల కోసం చేసిన గొడవకూ, బండ్లపల్లి జాబ్ కార్డుకూ మధ్య ఉన్న దారి ఇది.

ఆ దారిలో తెలుగు నేల ఒక మంచి పని కూడా చేసింది. ఉపాధి పనుల సామాజిక తనిఖీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. కూలి కుటుంబాల పిల్లలనే ఎంచుకుని, మస్టర్ చదవడం, గుంత కొలవడం, ఇంటింటికీ వెళ్లి వాంగ్మూలం తీసుకోవడం నేర్పి తనిఖీకి పంపింది. అమ్మానాన్నలు వేలిముద్ర వేసిన కాగితాలనే పిల్లలు గ్రామసభలో పైకి చదివారు. వయోజన విద్య, ఉద్యోగ నైపుణ్యం, హక్కు మూడూ ఒకే చోట కలిసిన సందర్భాలు మన దగ్గర ఇలాంటివి ఎక్కువ లేవు.

కాగితం అడిగే లోకం

ఇప్పుడు ముందు చెప్పిన ఆ లోటు. 2014 డిసెంబరులో రాజస్థాన్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. సర్పంచ్‌గా పోటీ చేయాలంటే ఎనిమిదో తరగతి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అయిదో తరగతి పాసై ఉండాలని. మరు నెలలోనే పంచాయతీ ఎన్నికలు. అయిదేళ్లు సర్పంచ్‌గా చేసి, కంప్యూటర్ నడపగలిగి, ఎందరికో అక్షరాలు నేర్పిన నౌర్తీ బాయి పోటీకి అర్హురాలు కాకుండా పోయింది. ఆమె దగ్గర విద్య ఉంది, పట్టా లేదు. ఆ షరతును 2019లో రాజస్థాన్ అసెంబ్లీ తీసేసింది. ఈలోగా ఆమెలాంటి ఎందరో ఆడవాళ్లు, దళితులు ఒక ఎన్నిక నష్టపోయారు. చదువుకునే అవకాశం ఇవ్వని ప్రభుత్వమే చదువు లేదని పోటీ నుంచి తప్పించడం అన్యాయమని చెప్పడానికి నాకు సందేహం లేదు.

పట్టా ఇవ్వకపోవడానికి తిలోనియా చెప్పే కారణం సబబైనదే. అది సోలార్ ఇంజినీర్‌ను ఊళ్లో నిలబెట్టింది. కానీ బయటి లోకం ప్రతి గుమ్మం దగ్గరా కాగితం అడుగుతుంది. అంగన్‌వాడీ ఆయా పోస్టుకు అడుగుతుంది, ఆశా కార్యకర్తకు అడుగుతుంది, బస్సు డ్రైవర్‌కు అడుగుతుంది. నేర్చుకున్న పని ఊళ్లో బతకనిస్తుంది. కాగితం లేకపోతే ఊరి అవతల తలుపు తెరుచుకోదు. పెద్దవాళ్లకు రెండూ కావాలి. ముందు పని, ఆ వెనకే పరీక్ష.

ఈ రెండో దారిని దేశానికి చూపించింది ఒక తెలుగామె. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి చిన్నప్పుడే బడి మానేసింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది. మదురై జైల్లో, చట్టం తెలియక శిక్షలు మోస్తున్న ఆడవాళ్లను చూసి చదువుకోవాలని పట్టుబట్టింది. బయటికొచ్చి బెనారస్ మెట్రిక్ కట్టింది, డిగ్రీ చేసింది, లా చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. తాను పడ్డ తిప్పలు ఇంకొకరు పడకూడదని మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, భర్త పోయినవాళ్లకు, భర్త వదిలేసినవాళ్లకు మెట్రిక్ పాఠాలు చెప్పించింది. వాటితోపాటు చేతిపనులూ నేర్పించింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలిగా 1958లో దేశమంతటా సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టించింది. మధ్యలో చదువు ఆపేసిన వయోజన స్త్రీలు రెండేళ్లలో పరీక్షకు సిద్ధమై, నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా ఉద్యోగాల్లో చేరడానికి వేసిన నిచ్చెన అది. తిలోనియా పనితనాన్నీ దుర్గాబాయి పరీక్షనూ కలిపితే మన ఊళ్లకు కావలసిన వయోజన విద్య దొరుకుతుంది.

దానికి కొత్తగా భవనాలు కట్టక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో పొదుపు సంఘాలు లేని ఊరు లేదు. వాటి సమాఖ్యలకు చాలా మండలాల్లో సొంత భవనాలున్నాయి. సంఘం పుస్తకాలు రాసే బుక్‌కీపర్ అక్క ఉంది. నెలనెలా అప్పు, వడ్డీ, పొదుపు లెక్కలే అక్కడి పాఠ్యపుస్తకం కావచ్చు. బోరు మోటారు వైండింగ్ చేసే ఊరి మెకానిక్, కుట్టుమిషన్ నడిపే అక్క, సెల్‌ఫోన్ బాగుచేసే తమ్ముడు అక్కడి టీచర్లు కావచ్చు. ప్రభుత్వం చేయాల్సింది వాళ్ల సమయానికి కూలి కట్టివ్వడం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 59 శాతం. మొత్తం అక్షరాస్యతలో మనం రాజస్థాన్‌కంటే ఒక్క శాతం కూడా ముందు లేము. తిలోనియా కథ చదివి రాజస్థాన్ వెనకబాటు మీద జాలిపడే అర్హత మనకు లేదు.

పరీక్ష దారి ఇప్పటికే తెరిచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ మొదలైంది. ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ వేర్వేరు సొసైటీలున్నాయి. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పదో తరగతికి కట్టవచ్చు. పై వయసుకు హద్దు లేదు. ఆ పాస్ సర్టిఫికెట్ మామూలు బడి పదో తరగతితో సమానం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది కూడా హైదరాబాద్‌లోనే. ఇవాళ అంబేడ్కర్ పేరు మీద నడుస్తున్న ఆ విశ్వవిద్యాలయం మొదలైన రోజుల్లోనే, బడి చదువు లేనివాళ్లు అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలు కల్పించింది.

మీ ఇంట్లో పనిచేసే ఆమె, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, మీ పొలంలో కూలికొచ్చే తమ్ముడు ఎక్కడ చదువు ఆపేశారో ఒకసారి అడగండి. ఓపెన్ స్కూల్ దరఖాస్తు ఎలా నింపాలో, స్టడీ సెంటర్ ఎక్కడుందో వాళ్లకు తెలియకపోవచ్చు. ఆ దరఖాస్తు మీరు నింపండి, రుసుము మీరు కట్టండి. పరీక్షల నెలలో వారం రోజులు సెలవిచ్చి, ఆ రోజుల జీతం కోత పెట్టకండి.